కొత్త యింట మొదటి రాత్రులు

ఈ సంచికకు మేము కూడ నొక వ్యాసము వ్రాయవలెనని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, బోధనావిషయమై మాకు గల యనుభవమును గూర్చి వ్రాయుదుమని వారు తలచియుందురు. మేము మాత్ర మొక కుక్కపిల్లను గూర్చి వ్రాయదలచితిమి. విద్యార్థులు నవ్వవచ్చును, పెద్దలు మందలింపవచ్చును. అయినను, గడచిన వర్షకాలమున ఆ కుక్కపిల్ల మాకు నేర్పిన పాఠము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు పొందియు నేర్చుకొనని పాఠము. కావున దానిని దాచియుంచుట న్యాయము కాదని తోచినది.

జూలై నెలలో నూజివీడు ప్రాంతమున నొక మామిడితోట కావలివాని కుక్క నాలుగు పిల్లలను పెట్టియున్నదని తెలిసి, మా చిన్నకుమారుడు ఒకదానిని తెమ్మని పట్టుపట్టెను. మేము వెంటనే యొప్పుకొనలేదు. అందులకు కారణము కలదు. మూడేండ్లకు పూర్వము మా యింట నొక కుక్కపిల్ల యుండెను. దానిని రాత్రులయందు వరండాలో విడిచిపెట్టెడివారము. ఒకనాటి రాత్రి ప్రహరీ తలుపు సరిగా మూయబడలేదు. అది రోడ్డు మీదికి పోయి లారీ క్రింద పడెను. ఆ తలుపు వేయవలసినవారము మేమే. అప్పుడు తొమ్మిదేండ్లవాడైన మా చిన్నవాడు నాలుగు దినములు మాతో మాటలాడలేదు. అందుచేత ఈ పర్యాయము మా గృహిణి యొక నిబంధన చేసెను: కుక్కపిల్ల వచ్చినచో, రాత్రివేళ అది ఇంటిలోపల బోనులోనే పండుకొనవలెను. మేమందఱమును సమ్మతించితిమి.

ఎనిమిది వారములు నిండకముందు పిల్లను తల్లినుండి వేఱుచేయరాదని పశువైద్యులు చెప్పుదురు. ఆ గడువు నిండిన పిమ్మటనే దానిని తెచ్చి, మొదటి టీకా వేయించి, జిమ్మీ యని పేరు పెట్టితిమి. విజయవాడ బజారులో ఇనుప తీగల బోనొకటి కొంటిమి. బోను అనగానే మనవారికి ఎలుకలబోనో పులిబోనో జ్ఞప్తికి వచ్చును. ఇది అట్టిది కాదు. కుక్క లేచి నిలుచుటకును, చుట్టు తిరుగుటకును, కాళ్లు చాచి పండుకొనుటకును చాలునంత చోటుండవలెను. అంతకు మిక్కిలి యెక్కువ యుండరాదు. చోటెక్కువైనచో నొక మూలను మలినము చేసి, మఱియొక మూలను పండుకొనును. పండుకొను తావును పాడుచేసికొనకుండుట కుక్కకు సహజ గుణము. ఆ గుణమే ఈ శిక్షణకు మూలము. జిమ్మీ పెరుగువఱకు బోనులో సగము చోటును నొక చెక్కపలకతో మూసితిమి.

మొదటి రాత్రి తొమ్మిదిన్నరకు దానిని లోపల పెట్టి, గడియ వేసి, బోనును ముందుగదిలో నుంచి మేము పండుకొంటిమి. రెండు నిమిషములు నిశ్శబ్దముగా నుండెను. పిమ్మట మూలుగుట, ఆపై నేడ్చుట, ఆపై నూళయిడుట యారంభమయ్యెను. ఇరుగుపొరుగున నున్న యొక పెద్దమనిషి సాయంకాలముననే మాకు సలహా చెప్పియుండిరి: “మూడు రాత్రులు ఏడ్వనిండు మాస్టారూ. నాలుగో రాత్రికి అదే నోరు మూసుకుంటుంది. దగ్గరికి పోయారో, జన్మలో మానదు.” మాకును నది యుక్తముగా తోచినది. రాత్రి యొంటిగంట వఱకు పోలేదు.

యొంటిగంటకు ఏడ్పు సన్నగిల్లెను. లేచి దీపము వేసి చూచితిమి. గోనెగుడ్డ తడిసియున్నది. తీగల నిండ చొంగ. ఎడమకాలి గోరొకటి చిట్లి నెత్తురు కనబడుచున్నది. బోనునకు మూరెడు దూరమున మా చిన్నవాడు మోకాళ్లలో తల పెట్టుకొని కూర్చుండి యేడ్చుచున్నాడు. “ఏడ్పు కట్టిపెట్టి పోయి పడుకో! ఇంత చిన్నదానికి ఏడుస్తారా?” అని మేము గద్దించితిమి.

ఆ మాట మా నోటనుండి వెలువడినంతనే, దానిని మేము పూర్వమొకసారి యనియుంటిమని జ్ఞప్తికి వచ్చినది.

పదునెనిమిదేండ్ల క్రిందట, ఉద్యోగములో కొత్తగా చేరిన దినములలో, మఱియొక యూరి పాఠశాలలో వసతిగృహపు కావలి మా పాలబడెను. ఆఱవ తరగతిలో చేరిన పదియేండ్ల బాలు డొకడు ప్రతిరాత్రియు నేడ్చెడివాడు. మేము చేతిదీపముతో పోయి, “ఇంత చిన్నదానికి ఏడుస్తారా?” యని గద్దించి, దీపమార్పి వచ్చెడివారము. నాలుగవ రాత్రి వా డేడ్వలేదు. “అలవాటు పడినాడు” అని దినచర్య పుస్తకములో వ్రాసి, మా నేర్పునకు మేమే సంతసించితిమి. దసరా సెలవులకు ఇంటికి పోయిన యా బాలుడు మఱల రాలేదు. కారణ మరయుటకై మేము వారి గ్రామమునకు పోగా, వాని తల్లి యొక చొక్కా తెచ్చి మా చేతికిచ్చెను. చేతులు రెండును మణికట్టు దగ్గఱ నమలబడి చిల్లులు పడియుండెను. “బడిలో ఎలుకలున్నాయా అయ్యగారూ?” అని యామె యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. వా డేడ్పు మానలేదు; చొక్కాచేయి నోట కుక్కుకొని యేడ్చెడివాడు. మఱి యే పాఠశాలలోను వాడు చేరలేదని తరువాత వింటిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవాఱువఱకు బోను ప్రక్కనే కూర్చుంటిమి. మేము చదివినదంతయు నొకటొకటిగా జ్ఞప్తికి వచ్చెను. అమెరికా దేశస్థుడైన థార్న్‌డైక్ 1898లో ప్రకటించిన పరిశోధనలను ఉపాధ్యాయ విద్యార్థులందఱును చదువుదురు. ఆకలిగొన్న పిల్లిని పెట్టెలో పెట్టగా, అది గింజుకొని గింజుకొని యకస్మాత్తుగా మీట నొక్కి బయటపడి యాహారము తినును. మఱల మఱల పెట్టిన కొలది త్వరత్వరగా బయటపడును. సుఖమునిచ్చిన క్రియ నిలుచును, ఈయనిది తొలగిపోవును అని దాని సారము. ఏడ్చినప్పుడెల్ల దగ్గఱకు పోయినచో ఏడ్పే యలవాటగునను పొరుగువారి సలహా ఈ సూత్రమునకు బంధువే. అది యబద్ధము కాదు, సగము నిజము.

మిగిలిన సగమును మఱికొందఱు చెప్పియున్నారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హార్లో 1958లో ప్రకటించిన పరిశోధనలో, కోతిపిల్లలకు తీగలతో చేసిన బొమ్మతల్లిని, మెత్తని గుడ్డ చుట్టిన బొమ్మతల్లిని చూపిరి. పాలు తీగతల్లి యొద్దనే దొరకినను, పిల్లలు గుడ్డతల్లినే కౌగిలించుకొని యుండెను. కుక్కలను గూర్చి స్కాట్, ఫుల్లర్ అను వారు 1965లో ప్రకటించిన గ్రంథమున, మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు గల కాలము పిల్లకు ఇతరులతో మైత్రి నేర్చు ముఖ్యకాలమని చూపిరి. మా జిమ్మీ ఆ కాలముననే మా యింటికి వచ్చినది. ఆ రాత్రి వఱకు అది యెన్నడును ఒంటరిగా పండుకొనలేదు. తల్లి కడుపు వెచ్చదనమున, తోడి పిల్లల కుప్పలో నిదురించినది. తప్పిపోయిన పిల్ల తల్లికి జాడ తెలుపుటకే యేడ్చును. అది మొండితనము కాదు. పిల్ల నేర్చుకొని ఊరకుండుట యొకటి, అలసి ఊరకుండుట మఱియొకటి. వెలుపలినుండి చూచువారికి రెండు నొక్కటిగానే కనబడును.

మఱునాటి సాయంకాలము వసతిగృహమునుండి ఆఱవ తరగతి బాలు డొకడు కుక్కపిల్లను చూడవచ్చెను. గొఱ్ఱెల కాపరి కుమారుడు, మితభాషి. బోను చుట్టు నొకసారి తిరిగి, లోపల పఱచిన కొత్త గోనెను ముట్టి చూచి, “దీనికి వాళ్లమ్మ వాసన లేదండి మాస్టారూ. మా ఇంట్లో కుక్కపిల్లను తెచ్చుకుంటే, తల్లి పడుకున్న గోనె ముక్క కూడా తెచ్చుకుంటామండి” అనెను. మా పుస్తకములలోని సంగతియే యిది; బాలుడు దానిని ఒక్క మాటలో చెప్పెను. వెంటనే మేమును మా చిన్నవాడును మామిడితోటకు పోయి, కావలివాని పాకలో తల్లికుక్క పండుకొనెడు పాత గోనెను అడిగి తెచ్చితిమి. కంపు చాలగా నుండెను. మా గృహిణి ముక్కు మూసికొనియు నేమియు ననలేదు.

అది మొదలు మే మవలంబించిన పద్ధతి, కుక్కపిల్లలను పెంచు విద్యార్థుల కుపయోగపడునని వ్రాయుచున్నాము. పగటివేళ బోను తలుపును తాడుతో కట్టి, మూసికొనకుండ తెఱచియుంచితిమి. అన్నము లోపలనే పెట్టితిమి. ఎన్నడును లోనికి త్రోయలేదు. మూడు దినములైన పిమ్మట అది తినుచుండగా తలుపు మూసి, మూలుగకముందే తెఱచితిమి. ఒక నిమిషము, అయిదు నిమిషములు, పావుగంట, ఇట్లు క్రమముగా పెంచితిమి. రాత్రివేళ బోనును మా మంచము ప్రక్కకు మార్చితిమి. చేయి క్రిందికి వేలాడదీసినచో దాని ముక్కునకు తగులును. మన ప్రాంతపు ఉక్కపోతకు గుడ్డ కప్పి గాలి యాపరాదు గనుక, వెనుకవైపున మాత్రమే పాత దుప్పటి వేసి, పంఖా క్రింద నుంచితిమి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రము నాపుకొనలేదు. కావున రాత్రి పదిగంటలకు, ఒంటిగంటకు, నాలుగుగంటలకు గడియారపు గంట పెట్టుకొని లేచి, దానిని చేతులతో నెత్తుకొని గడ్డిలో విడిచితిమి. పని కాగానే మెల్లగా నొక మంచి మాట చెప్పి, ఆటలాడింపక మఱల పండుకొనబెట్టితిమి. సన్నగా గొణిగినచో చేయి మాత్రము క్రిందికి జార్చితిమి. ఏడ్పు పెరిగినచో లేచి చూచితిమి. తప్పు చేసినందులకు శిక్షగా బోనులో పెట్టుట మా యింట నిషేధము. పండుకొను చోటు చెఱసాల కారాదు.

గోనె వచ్చిన రాత్రి అరగంట యేడ్చెను. అయిదవ రాత్రి పది నిమిషములు. ఎనిమిదవ రాత్రి పెద్ద పిడుగు పడగా నేర్చినదంతయు మఱచి తెల్లవాఱువఱకు వణకెను. మేమును మొదటినుండి యారంభించితిమి. పదునాఱవ రాత్రి మేము పిలువకముందే తానే లోనికి పోయి, గోనె మీద మూడు చుట్లు తిరిగి పండుకొనెను. ఆ పిమ్మట బోనును దినమున కొక మూరెడు చొప్పున జరుపుచు, మా చిన్నవాడు పండుకొను ముందుగదికి చేర్చితిమి.

ఇంతవఱకు కుక్కపిల్ల కథ. ఇక మా కథ.

ఒంటిగంట రాత్రి జిమ్మీని గడ్డిలో విడిచి నిలుచున్నప్పుడు వసతిగృహపు కిటికీలు మాకెదురుగా నుండును. వరుసగా మూడు రాత్రులు నొక కిటికీ కడ్డీల వెనుక నొక పిల్లవాడు కూర్చుండియుండుట చూచితిమి. నాలుగవ రాత్రి దగ్గఱకు పోయితిమి. గోనె సంగతి చెప్పిన బాలుడే. వాడేడ్చుట లేదు. “నిద్ర రావడం లేదా నాయనా?” అని యడిగితిమి. “రాదండి” అనెను. మేము గద్దింపలేదు. కిటికీ యీవల మెట్టు మీద కూర్చుండి, “ఇంటి దగ్గర ఏమి కప్పుకుని పడుకునేవాడివి?” అని యడిగితిమి. “మా అమ్మ చీరల బొంతండి.” “అది ఎందుకు తెచ్చుకోలేదు?” అని యడుగగా, వాడు కొంచెము సేపూరకుండి, “కాగితంలో కొత్త దుప్పటి అని రాశారండి” అనెను.

ఆ కాగితము వ్రాసినవారము మేమే. కొత్త దుప్పటి ఒకటి, కొత్త తువాలు రెండు, పళ్లెము ఒకటి, గ్లాసు ఒకటి. శుభ్రతకై వ్రాసితిమి, చెడు తలంపుతో వ్రాయలేదు. అయినను ఒక కుక్కపిల్ల కొఱకు దుర్గంధపు గోనెను వెదకి తెచ్చిన మేము, నలువదిమంది పిల్లల తల్లుల బొంతలను వారి యిండ్లలోనే దిగవిడిపించితిమి. దీని కేమి సమాధానము చెప్పగలము?

మఱునాడు వాని తండ్రికి ఫోను చేయగా, ఆదివారమున బొంతను సంచిలో పెట్టి తానే తెచ్చి యిచ్చెను. వర్షమునకు తడియకుండ దానిని తన యంగీలోపల పెట్టుకొని, సంచిని తలకు కప్పుకొని వచ్చెను. ఆ రాత్రి బాలుడు వెంటనే నిదురించెనని వ్రాయుటకు మాకును కోరికయే. కాని యట్లు జరుగలేదు. ఆ వారము రెండు రాత్రులు మఱల కిటికీ యొద్ద కనబడెను. మేము పోయి మెట్టు మీద కూర్చుంటిమి. కొన్నాళ్లకు కనబడుట మానెను. ఈ పర్యాయము దినచర్య పుస్తకములో “అలవాటు పడినాడు” అని మేము వ్రాయలేదు. అతనినే యడిగి, అతడు చెప్పినది వ్రాసితిమి: “ఇప్పుడు పరవాలేదండి.” దసరా సెలవులకు పోయెను. సెలవులు ముగిసిన దినమున మేము పదిగంటలు మొదలు ప్రహరీ తలుపు దగ్గఱ నిలుచుంటిమి. మధ్యాహ్నపు బస్సులో బొంత మూటతో దిగెను.

పిల్లలను కుక్కపిల్లతో పోల్చితిమని తల్లిదండ్రులు కష్టపెట్టుకొనవలదు. పోలిక పిల్లలకు కాదు, మాకే. ఏడ్పు వినబడుట మానినచో దుఃఖము మానినదని తలచు పెద్దల కీ పోలిక. రాబోవు సంవత్సరపు పట్టికలో “కొత్త దుప్పటి” యను చోట “ఇంట వాడుచున్న దుప్పటి గాని బొంత గాని, ఉదికినది” అని మార్చియున్నాము. మొదటి నెలలో ప్రతిరాత్రియు నొక యుపాధ్యాయుడు పిల్లలు నిదురించువఱకు పడకగదిలో కూర్చుండవలెనని నిశ్చయించితిమి. మొదటి వారము మాదే.

పదునెనిమిదేండ్ల క్రిందటి యా బాలునకు మేమిప్పుడు చేయగలిగిన దేమియు లేదు. వానికి ఇప్పుడు ఇరువదియెనిమిదేండ్లుండును, వానికిని పిల్లలుండవచ్చును. వారిలో నొకడు ఏ వసతిగృహమున చేరినను, దీపము పట్టుకొని వచ్చు ఉపాధ్యాయుడు దాని నార్పకముందు ఒక గడియ సేపు ప్రక్కన కూర్చుండునుగాక యని కోరుచున్నాము.

జిమ్మీకి ఇప్పుడు తొమ్మిది నెలలు. బోను తలుపు రాత్రులు మూయుట మానితిమి. అయినను అక్కడనే పండుకొనును. గోనె చినిగి పీలికలైనది. మా గృహిణి దానిని పాఱవేయుద మనును. మా చిన్నవాడు వలదనును. మేము వాని పక్షము.