మూడు రూపాయల ప్రవాసం

బడి పిల్లలను వెంటబెట్టుకొని ఊళ్ళూ కొండలూ చూపించి తీసుకురావడాన్ని కన్నడంలో 'ప్రవాస' అంటారు. తెలుగులో ప్రవాసమంటే సొంత ఊరు వదిలి పరాయి చోట బతకడం. మంగళవాడ బడిలో ఏడో తరగతి చదివేనాటికి ఈ తేడా నాకు తెలియదు. మేష్ట్రు నల్లబల్ల మీద 'ప్రవాస, పావగడ బెట్ట, తలకు మూడు రూపాయలు' అని రాశారు. నేను ఇంటికి పరుగెత్తి "నాయనా, ప్రవాసానికి మూడు రూపాయలు కావల్ల" అన్నాను. హిందూపురం పోయినప్పుడల్లా ఏదో ఒక తెలుగు పుస్తకం కొని తెచ్చుకునే మనిషి మా నాయన. "ప్రవాసం పోవాల్సినంత పాపం ఏం చేసినావురా?" అని నవ్వి, డబ్బులిచ్చాడు.

అది 1973 డిసెంబరు. అంతకు ముందు నెల ఒకటో తేదీనే మైసూరు రాష్ట్రం కర్ణాటక అయింది. బడిలో జెండాలు కట్టి, మిఠాయి పంచి, ఊరంతా తిప్పారు. ఊరేగింపులో ముందు నడిచి గట్టిగా జయకారాలు చెప్పించిన క్లాసు లీడరును నేనే. ఇంటికొచ్చి మా అవ్వకు ఆ ముచ్చటంతా చెప్పింది మాత్రం తెలుగులోనే.

మా తాలూకా సంగతి తెలియని పాఠకులకు రెండు మాటలు. పావగడ కర్ణాటకలో తుమకూరు జిల్లాలోది. పటంలో చూస్తే మాత్రం ఆంధ్రంలోకి చొచ్చుకుపోయిన ముక్కలా ఉంటుంది. మూడు దిక్కులా అప్పటి అనంతపురం జిల్లానే. 2022లో జిల్లాలు విడగొట్టాక అందులో కొంత శ్రీ సత్యసాయి జిల్లా అయింది. మాలాంటి ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. మడకశిర వైపు పోతే ఇంట్లో కన్నడం మాట్లాడి బడిలో తెలుగు చదువుకున్నవాళ్ళు కనిపిస్తారు. గీత గీసినవాళ్ళను తిట్టి లాభం లేదు. ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అవతల పడేవాళ్ళే.

ఇక కొండ సంగతి. నలభై మందిమి తెల్లవారకముందే బస్సెక్కాం. ఒక్కొక్కడి చేతిలో ఒక మూట. చిత్రాన్నం, వేయించిన చెనక్కాయలు, కాస్త బెల్లం. మా అమ్మ నాకు రెండు ఓళిగలు కూడా కట్టింది. పావగడలో దిగేసరికి చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఊరి నెత్తిన కూర్చున్నట్టుంటుంది కొండ, ఒంటి మీద అడ్డంగా కోట గోడలు. కింది నుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఎక్కేటప్పుడు తెలుస్తుంది దాని పొగరు. ఒక వాకిలి దాటితే అయిపోయిందనుకుంటాం, మలుపు తిరగ్గానే ఇంకో వాకిలి. బండ మీద జారకుండా చెప్పులు చేతబట్టుకొని ఎక్కాం. ఆడపిల్లలే ముందు చేరారు. మేం మధ్యలో నీటి దోనెలు కనబడిన చోటల్లా ఆగి రాళ్ళు వేస్తూ వెనకబడ్డాం.

పైన గాలి! నిలబడితే తోసేస్తుంది. చెనక్కాయ పీకేసిన చేలు కింద ఎర్రగా, గళ్ళుగళ్ళుగా. తూర్పుకు పెనుకొండ, దక్షిణానికి మడకశిర అని మేష్ట్రు చెయ్యి చాపి చూపించారు. "ఆంధ్రం ఎక్కడ మొదలవుతుంది సార్?" అని ఒక పిల్ల అడిగింది. ఆయన కాసేపు చూసి, ఇక్కణ్ణుంచి కనపడదులే అన్నారు.

అందరినీ ఒక గోడ చాటున కూర్చోబెట్టి ఆయన కొండ కథ చెప్పారు. పూర్వం పాళెగాడు కోటకు పునాది తవ్విస్తుంటే పాము బొమ్మ ఉన్న రాయి బయటపడిందట, దాన్నిబట్టే కొండకు ఆ పేరట. మా దిక్కున ఇప్పటికీ చెప్పుకునే కథే అది. చెప్పి, "అయితే పావు అంటే ఏమిటి?" అని అడిగారు.

మా పక్క వీధి పిల్లవాడొకడు లేచాడు. వాడి పేరు ఇక్కడ రాయను. క్లాసులో ఎప్పుడూ చెయ్యెత్తనివాడు. "పాము సార్" అన్నాడు.

"ఇదేమన్నా ఆంధ్రమా? కన్నడంలో చెప్పు. హావు."

వాడు తంటాలు పడ్డాడు. మా పల్లె తెలుగులో హకారం నిలవదు. వాడి నోట వచ్చింది "ఆవు" అని. నలభై మందిమీ గొల్లుమన్నాం. మళ్ళీ చెప్పమన్నారు మేష్ట్రు. మళ్ళీ ఆవే. పాము పోయి ఆవు వచ్చిందని ఎవడో అన్నాడు. చెప్పొద్దూ, అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. నాకు హకారం పలుకుతుంది మరి. అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను.

ఆ నవ్వు అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. దిగి వస్తూ శని మహాత్మ గుడి ముందు వరసలో నిలబడినప్పుడు, వెనకవాడి చెవిలో నేనొక మాట వేశాను: "ఆవుగడ." బస్సు మంగళవాడ చేరేలోపల అది వాడికి పేరైపోయింది. వాడు కిటికీ దగ్గర కూర్చుని, తల బయటకు పెట్టి, దారంతా అట్లాగే వచ్చాడు. మూట విప్పినట్టు కూడా నాకు గుర్తు లేదు.

ఆ ఏడాది పరీక్ష కాగానే వాడు బడి మానేశాడు. ఆ పేరు వల్లేనని నేను చెప్పలేను. వాళ్ళకు ఎకరం మెట్ట ఉండేది, అంతకు ముందు రెండేళ్ళు వానలు సరిగా లేవు, అన్న అప్పటికే బెంగళూరులో ఇసుక మోస్తున్నాడు. ఇన్ని కారణాలున్నాయి గదా అని చాలాకాలం ఊరటపడ్డాను. నేను తుమకూరులో డిగ్రీకి చేరి, కన్నడం తీసుకున్నాను.

అక్కడ హళెగన్నడం పాఠం మొదలైన వారంలోనే ఆ కొండ మళ్ళీ ఎదురొచ్చింది. ఇప్పటి కన్నడంలో హ ఉన్న చాలా మాటలకు పాత కన్నడంలో ప ఉండేదని ఉపన్యాసకులు పలక మీద రాసి చూపించారు. హాలు ఒకప్పుడు పాలు. హులి ఒకప్పుడు పులి. హూవు పూవు, హళ్ళి పళ్ళి, హెసరు పెసరు. పదో శతాబ్దపు పంపకవి రాసింది ఆ పకారపు కన్నడమే. తర్వాత నాలుగైదు వందల ఏళ్ళలో అది మెల్లగా హకారమైంది. మన తెలుగు మాత్రం పాలు పాలుగానే తాగింది. ఆయన ఇంకో మాట రాశారు: హావు, పాత రూపం పావు. చుట్టూ ఊళ్ళ పేర్లలో పళ్ళి హళ్ళి అయిపోయినా, మా కొండ పేరు మాత్రం హావగడ కాలేదు. మనుషులు మరిచిన అక్షరాన్ని కొండ పట్టుకుని కూర్చుంది. మేష్ట్రు దిద్దిన హావు కన్నా, ఆ పిల్లవాడు చెప్పిన పామే దానికి దగ్గర.

ఆ పంపకవి తమ్ముడు జినవల్లభుడు తెలంగాణలో కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద చెక్కించిన శాసనం ఒకటుంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద ఉన్నాయి. తెలుగులో కంద పద్యాలు. అన్న కన్నడానికి ఆదికవి, తమ్ముడు రాయించినవి తెలుగు పద్యాలు. వాళ్ళింట్లో ఎవరు ఎవరిని చూసి నవ్వారో!

ఇంత తెలిసీ నేను చేసింది చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. చదువయ్యాక నేనూ కన్నడ మేష్ట్రునయ్యాను, 2021లో రిటైరయ్యేదాకా. మా తెలుగిళ్ళ పిల్లలు జవాబుల్లో అక్కడక్కడా పాలు, పులి అని రాసేవాళ్ళు. ఎర్ర ఇంకుతో కొట్టేసి పైన హ రాసేవాణ్ణి. పరీక్షలో మార్కులు పోతాయి గదా, దిద్దక తప్పదు. కాని దిద్దేటప్పుడు, ఇది తప్పు కాదురా, పాతది అని ఒక్క మాట చెప్పడానికి అరనిమిషం చాలు. ఆ అరనిమిషం నాకు ఎప్పుడూ దొరకలేదు. ఏటా పిల్లలను ప్రవాసం కూడా తీసుకెళ్ళాను. మధుగిరి ఏకశిలా బెట్టకు, చిత్రదుర్గానికి, ఒకసారి జోగ్ జలపాతానికి. పావగడ కొండ దగ్గరే గదా, ఎప్పుడైనా చూడొచ్చు అని తప్పించేవాణ్ణి.

పోయిన మాఘంలో మడకశిరలో ఒక పెళ్ళికి వెళ్తే, భోజనాల బంతిలో పక్కన కూర్చున్నవాడు నా భుజం తట్టాడు. తల నెరిసింది, అరచేతులు మొద్దుబారాయి. బెంగళూరులో నలభై ఏళ్ళు ఇళ్ళు కట్టిన మేస్త్రీ.

"నువ్వు మేష్ట్రువి, నేను మేస్త్రీని. ఒక్కటే గదరా" అన్నాడు.

ఆకు ముందు కూర్చుని ఏవేవో మాట్లాడుకున్నాం. చివరకు కొండ మాట నేనే ఎత్తాను. ఆవుగడ అనే పేరు పెట్టింది నేనేనని చెప్పాను.

వాడు ముద్ద ఆపి నా మొగం చూశాడు. "నువ్వా? నేనింతకాలం కుమ్మరోళ్ళ పిల్లోడనుకొంటినే" అన్నాడు. కాసేపటికి, "మా అమ్మ రెండు కోళ్ళమ్మిందిరా ఆ మూడు రూపాయలకు. కొండ మీద ఏం చూసినావని ఇంటికి పోతానే అడిగింది. గాలి అని చెప్పినా" అన్నాడు.

హళెగన్నడం సంగతంతా చెప్పాను. పాలూ పులీ అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే నేను చెప్పిందే సరియా?"

"నీదే దగ్గర."

"మేష్ట్రుకు చెప్పినావా మరి?"

"లేదు. చెబుదామనుకునేలోపల పోయినాడు."

"పోనీలే" అన్నాడు వాడు, ఆకులో అన్నం దగ్గరకు తీసుకుంటూ. "నీ బళ్ళో పిల్లోళ్ళకన్నా చెప్పింటావు."

నేను చారు వడ్డించేవాణ్ణి పిలిచాను.