స్నేహితుడి ఊరు

ఖలీల్... హైదరాబాద్ పాతబస్తీలోనో, గుంటూరులోనో ఈ పేరున్నవాళ్లు తారసపడుతూనే ఉంటారు. లెబనాన్ కవి ఖలీల్ జిబ్రాన్ తెలుగు పాఠకులకు బాగా పరిచయం. అరబ్బీలో ఈ మాటకు అర్థం స్నేహితుడు. మామూలు నేస్తానికైతే వాళ్లకు 'సదీఖ్' అన్న మాట వేరే ఉంది. ఖలీల్ అంటే అంతకన్నా దగ్గరివాడు, ప్రాణస్నేహితుడు. ఆ పేరుతో ఏకంగా ఓ ఊరే ఉంది!

జెరూసలేం నుంచి దక్షిణంగా 30 కిలోమీటర్లు వెళితే కొండలు, ద్రాక్షతోటల మధ్య కనిపిస్తుంది హెబ్రాన్. పాలస్తీనా వెస్ట్‌బ్యాంక్‌లోని ఈ నగరాన్ని అరబ్బులు 'అల్ ఖలీల్' అంటారు. దేవుడు ఇబ్రహీం ప్రవక్తను స్నేహితుడిగా చేసుకున్నాడని ఖురాన్ చెబుతుంది. ఇబ్రహీం ఖలీల్ అని రెండూ కలిపి పేరు పెట్టుకునేది అందుకే. బైబిల్లోని అబ్రహామూ ఆయనే. ఆయన సమాధి ఇక్కడే ఉందన్న నమ్మకంతో ఊరికీ ఆ బిరుదే స్థిరపడింది. చిత్రమేమిటంటే, హెబ్రాన్ అన్న హీబ్రూ పేరుకు కూడా మూలం స్నేహితుడన్న మాటేనంటారు.

స్నేహితుడి ఊళ్లో నెత్తురు తక్కువేం పారలేదు. 1929 అల్లర్లలో 67 మంది యూదులు హతమయ్యారు. పొరుగునున్న యూదులను ఇళ్లలో దాచి కాపాడిన అరబ్ కుటుంబాలూ ఉన్నాయి. 1994 ఫిబ్రవరి 25న, రంజాన్ మాసంలో, నమాజు చేస్తున్న 29 మందిని ఓ యూదు సెటిలర్ తుపాకితో కాల్చి చంపాడు. ఆ తర్వాత రెండువేల ఏళ్లనాటి గోడలున్న ఆ కట్టడాన్నే పంచేశారు. ఒకవైపు మసీదు, మరోవైపు యూదుల ప్రార్థనామందిరం. ఎవరి ద్వారం వారిదే. అబ్రహాము సమాధి మందిరం మాత్రం మధ్యలో పడింది. అటువాళ్లు అటు కిటికీలోంచి, ఇటువాళ్లు ఇటు కిటికీలోంచి చూస్తారు. 1997లో ఊరే రెండు ముక్కలైంది. పాత బజారులో తలెత్తితే ఆకాశానికి అడ్డంగా ఇనుప వలలు. పై ఇళ్లలోని సెటిలర్లు విసిరే రాళ్లూ, చెత్తా కింద దుకాణాలవాళ్ల మీద పడకుండా కట్టినవి అవి.

ఇంత జరిగినా ఇబ్రహీం పేరుతో ఓ పొయ్యి మాత్రం వెలుగుతూ వచ్చింది. అతిథికి పెట్టకుండా ఆయన తినేవాడు కాదని ప్రతీతి. 1047లో వచ్చిన పర్షియా యాత్రికుడు నాసిర్ ఖుస్రో ఇక్కడ ప్రతి అతిథికీ ఓ రొట్టె, ఆలివ్ నూనెతో వండిన పప్పు, ఎండుద్రాక్ష ఇచ్చేవారని రాశాడు. ఇప్పటి ఉచిత వంటశాల మసీదుకు దగ్గర్లోనే ఉంది. గోధుమరవ్వ జావ ఇక్కడ ప్రత్యేకం. రంజాన్ నెలలో గిన్నెలు, బకెట్లు పట్టుకుని పిల్లలూ పెద్దలూ ఆ జావ కోసం వరసలో నిలబడతారు.