ఊరికే రేస్ ఇవ్వకురా!

"బిడ్డా, గా డబ్బాకు ఏమన్న పని చెప్పినవా?" అర్ధరాత్రి మంచం మీంచి బాపు అడిగాడు.

"లేదు బాపూ, ఊరికే ఆన్‌లో ఉంది."

"మరి ఉత్తగున్నదానికి గంత మోతెందుకురా? న్యూట్రల్‌ల పెట్టి రేస్ ఇచ్చినట్టు!"

ముప్ఫై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి. ఇంజిన్ చప్పుడు వింటే చాలు, దాని జాతకం చెప్పేస్తాడు.

కిందటి వేసవి సంగతిది. బాపు గుండెకు స్టెంట్ వేశారు. చొప్పదండిలోని మా ఇంట్లో కూలర్ ఉన్న గది ఒక్కటే. నా పాత కంప్యూటరూ అందులోనే. సెలవు పెట్టి వచ్చానన్న మాటే గానీ, రాత్రిళ్లు దాని ముందు కూర్చుని ఆఫీసు పని చేస్తూనే ఉన్నాను. కూలర్ గదిని చల్లబరుస్తుంటే, కంప్యూటర్ వేడిగాలి వదులుతోంది!

2012లో జర్నలిజం డిప్లొమా చదివే రోజుల్లో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపు షాపూ తిరిగి కొన్నాను దాన్ని. ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్. అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. అంటే సెకనుకు 330 కోట్ల టిక్కులు. కుర్రతనం ఊరుకుంటుందా? 4.2కి పెంచేశా. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం మారుతుంటే ఎక్కడ హ్యాంగవుతుందోనని, పొదుపు ఏర్పాట్లన్నీ ఆపేశా. పనున్నా లేకున్నా అదే పరుగు!

నిజానికి ప్రాసెసర్‌కు విశ్రాంతి తీసుకోవడం తెలుసు. పని లేనప్పుడు ఇది 1.6 గిగాహెర్ట్జ్‌కు దిగిపోగలదు. 'స్పీడ్‌స్టెప్' పని అదే. ఇంకా తీరిక దొరికితే కోర్లు కునుకు కూడా తీస్తాయి. ఆ రాత్రే బయోస్‌లోకి వెళ్లి వాటన్నిటినీ మళ్లీ ఆన్ చేశా. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో 'మినిమమ్ ప్రాసెసర్ స్టేట్' 100 శాతం ఉంటే, 5కి తగ్గించా.

వేగం తగ్గితే సరిపోదు, వోల్టేజీ కూడా తగ్గాలి. ఎందుకంటే కరెంటు ఖర్చు వోల్టేజీ వర్గం లెక్కన మారుతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే ఖర్చు దాదాపు 19 శాతం తగ్గుతుంది. అందుకే ఒకే వోల్టేజీకి బిగించిన సెట్టింగ్ తీసేసి, వేగాన్ని బట్టి మారేలా పెట్టా. పనిలో పనిగా ఇంకాస్త కోత కూడా విధించా. మోత తగ్గింది. బాపు నిద్రపోయాడు.

మూడోరోజు కొత్త చిక్కు. ఫొటోలు దిద్దుతున్నంతసేపూ బాగానే ఉంది. చాయ్ తాగొచ్చేసరికి తెర బిగుసుకుపోయింది! పనిలో ఉన్నప్పుడు కాదు, ఖాళీగా ఉన్నప్పుడు ఆగిపోవడమేంటి? ఆలోచిస్తే అర్థమైంది. నెమ్మదించినప్పుడు వోల్టేజీ అసలే తక్కువ. అందులోంచీ నా కోత పోతే ఇక నిలబడేదెలా? కోత తగ్గించా. మళ్లీ ఆగలేదు.

తలతిప్పి బాపుని చూశా. గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు వారాలుగా అంతే. మాటల్లేవు. 'విశ్రాంతి' అని డాక్టరు చెప్పిన మాటను మేం పట్టుకున్నాం. రోజూ నాలుగడుగులు నడవాలన్న మాటను భయంతో వదిలేశాం. ఆయనకూ కోత ఎక్కువే పెట్టామన్నమాట!

మర్నాడు పొద్దున చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్లా. ట్రాక్టర్ దాకా నడిచి, బానెట్ మీద దుమ్ము తుడిచాడు. "ఆయిల్ మార్పియ్యాలెరా" అన్నాడు. రెండు వారాల్లో అడక్కుండా ఆయన మాట్లాడిన రెండో మాట అది. మొదటిది నా డబ్బా గురించే!

ఆ రాత్రి గదిలో కూలర్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బంద్ చేసినవా?" అన్నాడు.

"లేదు బాపూ, నడుస్తనే ఉంది."

"గట్లుండాలె. ఇగ నువ్వు గూడ పండుకో."

ఆఫీసు పని పొద్దున చూసుకోవచ్చనిపించింది. లైటు తీసేశాను.