పాపికొండల నడుమ మూడు దినములు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములందు కాపురముండు మాబోంట్లకు నదీదర్శనము దుర్లభము. ఇండ్ల నడుమగా పారి మూసీలో గలియు హుస్సేనుసాగరపు నాలాయే మాకు ప్రవాహము. వేసవిలో నది వట్టి మురుగుకాలువ. కాని 2000వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురిసినపుడు అదియే పొంగి అశోకనగరపు వీధులను ముంచెను. నాటి రాత్రి మా అత్తగారు మేడమెట్లపై గూర్చుండి, నీరొక్కొక్క మెట్టే యెక్కివచ్చుటను కొవ్వొత్తి వెలుగున లెక్కించిరట. తెల్లవారిన పిదప వారిని పడవలో నెక్కించి మెరకకు జేర్చిరి. ఆనాటినుండి పడవ యన్నచో వారికి గుండెదడ.

2018వ సంవత్సరము కార్తికమున మా మూడు పేటల స్త్రీలము పదునొకరము పాపికొండలకు బయనమైతిమి. అత్తగారు రారనియే తలచితిని. వారు నవ్వి, "గోదావరీస్నానమనుడు, వత్తును, పడవ మాట మాత్రము నాతో ననకుడు" అనిరి.

సికింద్రాబాదులో గౌతమీ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, తెల్లవారునప్పటికి రాజమహేంద్రవరము జేరితిమి. నన్నయభట్టు భారతమును తెనిగింప గడంగిన పురమున గోదావరిలో మునిగినపుడు, బాల్యమున తండ్రిగారియొద్ద ఆ భారతము చదివిన దినములు కన్నులకు గట్టెను. స్నానానంతరము పురుషోత్తపట్నపు రేవున లాంచి యెక్కితిమి.

అందరకును నారింజవన్నె లైఫ్ జాకెట్లు పంచిరి. అత్తగారు తమదాని పట్టీలన్నియు బిగించుకొని కూర్చుండిరి. మేము గడియసేపు తొడిగి, ఉక్క యనియు, చీరమడతలు చెడుననియు, ఛాయాచిత్రములలో బాగుండదనియు తీసి బల్లలపై బడవైచితిమి. వారింపవలసినవారును వారింపరైరి. "అత్తయ్యగారు యుద్ధమునకు బోవుచున్నట్లున్నారు" అని నేనును నవ్వితిని. ఆ నవ్వు నేటికిని నన్ను బాధించుచున్నది.

గండిపోశమ్మ తల్లికి మ్రొక్కి, దేవీపట్నము దాటిన పిదప కొండలు దగ్గరకు జరుగజొచ్చెను. త్ర్యంబకమున బుట్టి 1465 కిలోమీటర్లు నడచు గోదావరి, రాజమహేంద్రవరముకడ రెండు కిలోమీటర్లకు మించిన వెడల్పుగలది, ఇచ్చట పచ్చని కొండవరుసల నడుమ సన్నగా ఒదిగిపోవును. తలవెండ్రుకల నడుమ పాపిడివలె నుండుటచే 'పాపిడికొండలు' అనిరనియు, అదియే పాపికొండలైనదనియు జెప్పుదురు. వెడల్పు తగ్గినంతట నీరు తగ్గదు గదా! ఆ నీరంతయు లోతునకు దిగి, వడిగొని, వంపులయొద్ద సుడులు దిరుగును. పైకి మాత్రము అద్దమే. వృద్ధుడగు సరంగు మాతో, "మోతచేసే నీళ్లకి ఎవరైనా జడుస్తారండి, మాటాడని నీళ్లకే జడవాలమ్మా" అనెను.

అతని మాట యెంత నిజము! ఋషీకేశముకడ గంగ బండలపై నురుగులు గ్రక్కుచు దుముకును. అట్టి ప్రవాహములను ఉద్ధృతినిబట్టి ఆరు తరగతులుగా లెక్కింతురు. గాలి నింపిన రబ్బరు తెప్పలపై అందు బోవువారు జాకెట్టును, శిరస్త్రాణమును ధరించియే బయలుదేరుదురు. ఘోషించు నది తానే హెచ్చరించును. మౌనముగా నుండు గోదావరి హెచ్చరింపదు, మనమే యెరుగవలెను.

పేరంటాలపల్లిలో బాలానందస్వామి నెలకొల్పిన మునివాటమును, శివాలయమును దర్శించితిమి. కొండరెడ్లు వెదురుతో జేసిన పూవులు కొంటిమి. పోలవరము ఆనకట్ట మూలమున ఈ తీరపు పల్లెలు పెక్కులు మునుగనున్నవని వింటిమి. తమ గుమ్మములోనికి నీరు వచ్చునని ముందే యెరిగియు వెదురు చీల్చుచున్న ఆ స్త్రీలను జూచి అత్తగారు చాలసేపు మాటాడలేదు.

ఆ రాత్రి కొల్లూరు ఇసుకతిన్నెపై వెదురు గుడిసెలలో బస. అర్ధరాత్రమున మెలకువ వచ్చి చూడ, అత్తగారు నదివంక జూచుచు గూర్చుండియుండిరి. "భయముగా నున్నదా, అత్తయ్యా?" అని యడిగితిని. "లేదమ్మా. ఆనాడు నీరు పిలువని పేరంటముగా నా యింటికి వచ్చినది. ఈనాడు నేను దాని యింటికి వచ్చితిని. పరుల యింట మర్యాద పాటింపవలెను గదా! ఈ జాకెట్టు ఆ మర్యాదయే" అనిరి. మరునాడుదయమున నేను నోరెత్తక పట్టీలు బిగించుకొంటిని. నన్ను జూచి తక్కినవారును దొడిగిరి. మూడవనాడు పోచవరమున దిగి, భద్రాద్రిరాముని సేవించి యిండ్లకు మరలితిమి.

పది నెలలు గడచినవి. 2019 సెప్టెంబరు 15వ తేదీన, మేము నవ్వుచు దాటిపోయిన ఆ దారిలోనే, కచ్చులూరుకడ వరదగోదావరిలో నొక విహారపు పడవ మునిగెను. అందున్న 77 మందిలో బ్రతికి బయటపడినవారు 26 మంది. హైదరాబాదువారును, వరంగల్లువారును అందుండిరి. కాకినాడ ధర్మాడి సత్యముగారి బృందము లంగరులు, త్రాళ్లు వైచి, 38వ దినమున, అక్టోబరు 22న ఆ పడవను వెలికి దీసెను. ఆ వార్త చదువుచుండగా, మేము బల్లలపై బడవైచిన జాకెట్లే నా కన్నులయెదుట నిలిచినవి.

సోదరీమణులారా! ప్రయాణములు మానుకొనుడని నేననను. ఇల్లు దాటి అడవిని, నదిని చూడనిచో చదివిన కావ్యములు సగమే బోధపడును. కాని వరదకాలమున పోకుడు. మితిమీరి జనమెక్కిన పడవ నెక్కకుడు. జాకెట్టు దొరకనిచో ఒడ్డుననే నిలువుడు. దొరకినచో రేవు చేరువరకు విప్పకుడు. పెద్దవారు భయపడినపుడు నవ్వకుడు. వారు నీటిని మనకంటె ముందు చూచినవారు.