సగము విస్తరి

మా యింట 18 ఏండ్లలో అత్తాకోడండ్రకు మాటపట్టింపులు లేకపోలేదు గాని, అన్నము దగ్గఱ తగవెన్నడును వచ్చి యెఱుగదు. మా యమ్మకు పక్షవాతము వచ్చి, ఎడమచేయి స్వాధీనము తప్పి, ఆసుపత్రినుండి యిల్లు చేరిన పదిదినములకు అదియును వచ్చినది. "కోడలు నాకు కూర వెయ్యడం మానేసింది" అని ఆమె వచ్చిపోవువారి కెల్ల చెప్పసాగెను.

కూర విస్తరిలో ఎడమప్రక్కనే యున్నది. ఆమెకు కన్నులు కనబడుచున్నవి, మాట తడబడుటలేదు, పాలలెక్క మఱచిపోలేదు. ఇట్టి మనిషి యెదుటనున్న కూరను లేదనుట కక్షచేతనే యని నా భార్య కంట తడిపెట్టుకొనెను. మన యిండ్లలో ముసలివారి రోగములకు కక్ష, చాదస్తము అను పేరులు సిద్ధముగా నుండును గదా! నేనో, న్యాయాధిపతి పీఠమెక్కి, ఒకనాడు భార్యను, మఱునాడు తల్లిని మందలించితిని. చదువుకొన్నవాడనే!

నెల గడచిన పిమ్మట, మెదడునకును నడవడికిని గల సంబంధమును పరీక్షించు నిపుణురాలి యొద్దకు అమ్మను తీసికొనిపోయితిమి. ఆమె కాగితముపై వలయము గీసి, గడియారపు టంకెలు వేయుమనెను. మా యమ్మ 12 అంకెలను కుడిసగములోనే యిఱికించి, "అయిందమ్మా" అని తృప్తితో కలము క్రింద పెట్టెను. నా గుండె జల్లుమన్నది.

ఇది కంటిదోషము కాదట. మెదడు కుడిభాగము దెబ్బతినుటచే, ఎడమవైపు లోకముమీదికి ధ్యాస పోవుటలేదట. కొఱవడినదని తెలిసినవారు వెదకుదురు. ఈమెకు కొఱవడినదనియే తెలియదు.

తలపులోని లోకమునకును ఈ గతియే. 1978లో బిసియాక్, లుజాటి అను ఇటలీ పరిశోధకులు ఇట్టి రోగుల నిద్దఱిని, మిలాను నగరపు పెద్దచర్చి కెదురుగా నిలిచినట్లు భావించి ఆ కూడలిని వర్ణింపుమనిరి. రోగులు ముఖ్యముగా కుడిప్రక్క కట్టడములనే చెప్పిరి. చర్చి ముంగిటనుండి యిటు చూచునట్లు భావింపుమనగా, మునుపు విడిచినవానిని చెప్పి, చెప్పినవానిని విడిచిరి. జ్ఞాపకము చెక్కుచెదరలేదు, చూపు నిలిపిన దిక్కు మాఱినది, అంతే.

ఆ రాత్రి నా భార్య విస్తరిని అటునిటు త్రిప్పి పెట్టెను. "ఇప్పుడు వేశావా కూర?" అని మా యమ్మ కలుపుకొనెను. నాటినుండి విస్తరి ఎడమయంచున ఎఱ్ఱరిబ్బను పెట్టి, అది కనబడువఱకు తల త్రిప్పుట అభ్యాసము చేయించుచున్నాము. ఒక్కొకనాడు కనబడును.

ఆ నెలలో వచ్చిపోయిన చుట్టములలో ఇద్దఱుమువ్వురు నా భార్యను ఇంకను వేఱుగానే చూచుచున్నారు. గడియారపు కాగితమును సంచిలో పెట్టుకొని వారి యిండ్లకు పోవుచున్నాను.