మోకాళ్లు ఊనలేనివారి ప్రార్థన



హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయం 12, 13 వచనాలు తీసి చూడండి. సడలిన మోకాళ్లను బలపరచుకోమని చెప్పి భక్తుడు అక్కడితో ఆగలేదు. కుంటికాలు ఇంకా బెణక్కుండా బాగుపడేటట్టు దారిని చదును చేయమన్నాడు. నొప్పి ఒకరిది, దారి చదును చేసే పని అందరిదీ.

మోకాలిని దేవుడు ఎంత చక్కగా అమర్చాడో చూడండి. తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ నాలుగు ముఖ్యమైన లిగమెంట్లు పగ్గాల్లా పట్టి ఉంచుతాయి. మధ్యలో చంద్రవంకల్లాంటి రెండు మెత్తలు మన బరువును మోస్తాయి. ఎముకల చివర నున్నటి పొర ఉంటుంది. మనవాళ్లు 'గుజ్జు అరిగింది' అనేది దీన్నే. ఈ పొరకు రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బతింటే తనంతట తాను మానడం కష్టం.

పాదం నేలలో నాటుకుపోయి ఒళ్లు మాత్రం పక్కకు తిరిగితే లిగమెంటు తెగవచ్చు, మెత్త చీలవచ్చు. బురదలో నాట్లు వేసే అమ్మకైనా, సంక్రాంతికి కబడ్డీ ఆడే కుర్రాడికైనా దెబ్బ తగిలే తీరు ఒకటే. టప్పుమని చప్పుడై, కొద్ది గంటల్లోనే వాచి, తర్వాత నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టుంటే లిగమెంటును అనుమానించాలి. మడిచిన కాలు చాపలేకుండా ఇరుక్కుపోతుంటే మెత్త చీలి ఉండవచ్చు. ఎక్స్‌రేలో ఎముకలే కనబడతాయి. ఇవి తెలియాలంటే ఎమ్మారై కావాలి.

దెబ్బ తగిలిన రోజు నూనె రాసి గట్టిగా తోమించుకోకండి, కాలు లాగించుకోకండి. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తుగా పెట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లండి. ప్రతి చీలికకూ ఆపరేషన్ అక్కర్లేదు. తొడ కండరాలు బలపడే వ్యాయామాలతో కోలుకునేవారు చాలామంది ఉన్నారు. డాక్టరు దగ్గరకు వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడే కదా!

పుల్లెల గోపీచంద్ గారు పుట్టిన నాగండ్ల, ఇప్పుడు మన బాపట్ల జిల్లాలో ఉన్న ఇంకొల్లు మండలంలోదే. 1994లో ఆయన మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు అయ్యాయి. ఆట అయిపోయిందనుకోవాల్సిన ఆ కాలితోనే 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యారు, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. ఓపికతో చేసే వ్యాయామం ఊరికే పోదు.

అయితే అందరి మోకాళ్లూ మునుపటిలా అవుతాయని నేను చెప్పలేను. మన సంఘంలో ఒక తల్లి మూడు ఆదివారాలు రాకపోతే ఇంటికి వెళ్లాను. "మోకాళ్లు ఊనలేకపోతున్నానయ్యగారూ. అందరూ మోకరిస్తే నేనొక్కదాన్నీ కూర్చోవాలంటే సిగ్గుగా ఉందండి. అట్టా చేస్తే దేవుడు వింటాడంటారా?" అని అడిగింది.

వింటాడమ్మా. దావీదు దేవుని సన్నిధిలో కూర్చుని ప్రార్థించాడు. హిజ్కియా మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి ప్రార్థించాడు. సుంకరి దూరంగా నిలబడ్డాడు. తొడగూడు వసిలి కుంటుతూ నడిచిన యాకోబు, ముసలితనంలో చేతికర్ర మీద ఆనుకుని ఆరాధించాడు. వీళ్లలో ఎవరినీ దేవుడు 'మోకాళ్లు ఊనలేదేం?' అని అడగలేదు.

ప్రియులారా, వచ్చే ఆదివారం నుంచి మందిరంలో కుర్చీలు వేస్తున్నాం. వెనక మూలన కాదు, ముందు వరుసలోనే. అక్కడ కూర్చున్నవారిని ఎవరూ వింతగా చూడవద్దు. మోకరించగలిగినవారు మోకరించండి, ఆ తర్వాత లేచి, లేవలేనివారికి చెయ్యి అందించండి. దారి చదును చేయడమంటే అదే.

దేవుడు మీ మోకాళ్లను, మీ హృదయాలను బలపరచును గాక. ఆమేన్.