అశోక్‌నగర్‌లో మరో చదువు

అశోక్‌నగర్ అనగానే గుర్తొచ్చేవి కోచింగ్ సెంటర్లే. గ్రూప్స్ కొలువు కోసం ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇక్కడి గదుల్లో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పుస్తకాలతో కుస్తీ పడుతుంటారు. వాళ్లు టీ తాగే సందుల కిందే మురుగు పారుతుంటుంది. ఇక ఇళ్ల మధ్య నుంచి సాగే హుస్సేన్‌సాగర్ నాలా సంగతి సరేసరి. 2000 ఆగస్టులో, మళ్లీ 2020 అక్టోబరులో అది పొంగితే ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

మురుగుకు అడ్డుపడితే ఒకప్పుడు మనిషే మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడు. విషవాయువు కమ్మితే ప్రాణం పోయేది. 2013 చట్టం దీన్ని నిషేధించింది. పాకీపని నుంచి బయటపడే వారి కుటుంబంలో ఒకరికైనా మరో పని నేర్పాలనీ, ఆ శిక్షణ కాలంలో నెలకు కనీసం 3,000 రూపాయలు ఇవ్వాలనీ చెప్పింది.

2017లో హైదరాబాద్ జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘమైన డిక్కీతో కలిసి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రోడ్డెక్కించింది. పెద్ద లారీ పట్టని ఇరుకు సందుల్లోకీ ఇవి వెళ్తాయి. నీటిని ఒత్తిడితో చిమ్మి అడ్డు తొలగిస్తాయి. పూడికను పైకి తోడేస్తాయి. బ్యాంకు రుణంతో దళిత యువకులు వీటికి యజమానులయ్యారు. 2019లో ఢిల్లీ కూడా ఇదే బాట పట్టింది.

అయితే యంత్రం ఒక్కటే చాలదు. దాన్ని నడిపే చేతికి పని తెలియాలి. ఎంత అవసరమొచ్చినా మనిషి లోపలికి దిగకూడదన్న పాఠం ఒంటబట్టాలి. గ్రూప్స్ తప్పితే మరో నోటిఫికేషన్ వస్తుంది. ఈ పరీక్షలో తప్పితే రెండో అవకాశం ఉండదు.